జాకెట్టు వదులు, బొందు బిగువు

అరవై దాటిన ఆడమనిషి ఒంట్లో ఒక్కోసారి రెండు మార్పులు ఒకేసారి వస్తాయి. జాకెట్టు చేతులు వదులైపోతాయి, లంగా బొందు మాత్రం ముడికి అందదు. మొహం పీక్కుపోతుంది, పొట్ట పెరుగుతుంది. తిండి తగ్గింది కాబట్టి మనిషి చిక్కింది అంటే అర్థముంది. మరి తిండి తగ్గినప్పుడు పొట్ట ఎందుకు పెరగాలి? ఇంట్లో ఈ ప్రశ్న వేసేవాళ్లు తక్కువ. ‘గ్యాసే’ అనేస్తారు. వాము నీళ్లయ్యాక ఇనో, ఇనో అయ్యాక పరగడుపున వేసుకునే గ్యాస్ మాత్ర. ఆ మాత్ర ఒకసారి మొదలైతే ఎవరూ ఆపమనరు.

అలాంటి ఇల్లాలు జంషెడ్‌పూర్‌లో, సాక్చి బజారుకు దగ్గర్లో ఉంటోందనుకుందాం. టాటాలు ఉక్కు కర్మాగారం కట్టడానికి ఎంచుకున్న పల్లె పేరే సాక్చి. 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ ఊరికి జంషెడ్‌జీ పేరు పెట్టాక ఆ పాత పేరు ఒక పేటకు మిగిలింది. ఉత్తరాంధ్ర నుంచి కంపెనీ పనికి వెళ్లి అక్కడే ఉండిపోయిన తెలుగు కుటుంబాల్లో ఇప్పుడు మనవలు, మునిమనవల కాలం నడుస్తోంది. వైద్యానికి కొరత ఉన్న ఊరూ కాదు. బిష్టుపూర్‌లో టాటా మెయిన్ హాస్పిటల్ ఉంది. సాక్చిలోనే దశాబ్దాల పాటు నడిచిన ప్రభుత్వ ఎం.జి.ఎం. ఆసుపత్రి ఉంది. క్యాన్సర్‌కే ప్రత్యేకంగా 1975 నుంచి మెహర్‌బాయి టాటా మెమోరియల్ హాస్పిటల్ ఉంది. అయినా ఇలాంటి కడుపు బాధకు పేరు తేలడానికి నెలలు పడుతుంది. ఇది ఆ ఊరి లోపం కాదు. విశాఖలోనూ, హైదరాబాదులోనూ, లండన్‌లోనూ ఇదే తంతు. కారణం చాలావరకు మన కడుపు కట్టుబడిలోనే ఉంది.

కడుపుకు చోటు చెప్పడం రాదు

వేలికి ముల్లు గుచ్చుకుంటే కళ్లు మూసుకుని కూడా అది ఎక్కడుందో చూపించగలం. చర్మంలో నరాల కొసలు అంత దట్టంగా ఉంటాయి, ఒక్కో చోటునుంచి వచ్చే కబురుకు మెదడులో దాని స్థానం దానికి ఉంటుంది. పేగులకు, కాలేయానికి, అండాశయాలకు అలాంటి ఏర్పాటు లేదు. నరాలు పల్చగా ఉంటాయి. పేగును కోసినా, కాల్చినా అది నొప్పి అనదు. సాగదీస్తేనో, రక్తం అందకపోతేనో, వాస్తేనో అంటుంది. ఆ కబురు కూడా సొంత దారిలో వెళ్లదు. నాలుగైదు అవయవాల నరాలు వెన్నుపాములో ఒకే చోట చేరి, అక్కడినుంచి కలిసి పైకి వెళ్తాయి.

పాత కంపెనీ క్వార్టర్లలో వరస మొత్తానికి ఒకే ఫోను ఉండేది. గంట మోగితే ఎవరికో కబురొచ్చిందని తెలిసేది, ఏ ఇంటికో తెలిసేది కాదు. మెదడు పరిస్థితి కూడా అంతే. పిత్తాశయం, జీర్ణాశయం, క్లోమం, చివరికి గుండె కింది గోడ కూడా, ఏది మొరపెట్టుకున్నా ‘రొమ్ము ఎముక కింద, కడుపు పైభాగంలో’ అనే వినిపిస్తుంది. చిన్నపేగుల బాధ బొడ్డు చుట్టూ తెలుస్తుంది. పెద్దపేగు చివరి భాగం, మూత్రాశయం, గర్భాశయం పొత్తికడుపులో తెలుస్తాయి. తల్లి గర్భంలో పిండానికి పేగు ఏర్పడేటప్పుడు ఏ భాగం ఏ నరాలతో ముడిపడిందో, డెబ్భై ఏళ్లు వచ్చినా ఆ లెక్కే నడుస్తుంది.

వయసు దీన్ని ఇంకా మసకబారుస్తుంది. కుర్రవాడికి అపెండిక్స్ వాస్తే జ్వరం, వాంతులు, మెలికలు తిరిగే నొప్పి. డెబ్భై ఏళ్ల మనిషికి అదే జబ్బు ‘ఏదో నలతగా ఉంది’ అన్నంతలోనే ఉండి, లోపల చిల్లు పడేదాకా బయటపడకపోవచ్చు. ఏళ్ల తరబడి షుగర్ ఉంటే నరాలే దెబ్బతిని ఉంటాయి.

కాబట్టి ‘ఎక్కడ నొప్పి?’ అనే ప్రశ్నకు పెద్దావిడ ఇచ్చే జవాబు మీద మరీ ఆధారపడకూడదు. ‘ఎప్పటినుంచి? నెలలో ఎన్ని రోజులు?’ అన్నవాటికి ఇచ్చే జవాబు అంతకంటే ఎంతో విలువైనది. ఇది నా సొంత అభిప్రాయం కాదు. అమెరికాలో బార్బరా గాఫ్ అనే స్త్రీ వ్యాధుల వైద్యురాలు, ఆమె సహచరులు అండాశయ క్యాన్సర్ ఉన్నవాళ్ల లక్షణాలనూ, మామూలుగా క్లినిక్‌కు వచ్చే ఆడవాళ్ల లక్షణాలనూ పక్కపక్కన పెట్టి చూశారు. ఉబ్బరం, పొత్తికడుపు నొప్పి, కొంచెం తినగానే నిండిపోవడం ఇద్దరిలోనూ ఉన్నాయి. తేడా లెక్కలో ఉంది. జబ్బున్నవాళ్లలో అవి ఏడాదిలోపు కొత్తగా మొదలయ్యాయి, నెలకు 12 రోజులకు మించి ఉన్నాయి. ఇరవై ఏళ్లనుంచి పండగకొకసారి వచ్చే ఉబ్బరం వేరు, మొన్న దసరా తర్వాత మొదలై రోజు విడిచి రోజు వచ్చే ఉబ్బరం వేరు.

పొట్టలో నీరు ఎలా చేరుతుంది?

ఇలాంటి బాధతో వచ్చే పెద్ద వయసు ఆడవాళ్లలో ఎక్కువమందికి క్యాన్సర్ ఉండదు. అయినా దాని గురించే ముందు చెప్పడానికి కారణముంది. ఆలస్యానికి అన్నిటికంటే ఎక్కువ మూల్యం తీసుకునేది అదే. 2022 అంచనా ప్రకారం ప్రపంచంలో ఏటా 3 లక్షల 24 వేల మందికి అండాశయ క్యాన్సర్ బయటపడుతోంది. అందులో దాదాపు 47 వేల మంది భారతీయులు. ఎక్కువమందికి అది కడుపంతా పాకాకే తెలుస్తోంది.

ముట్లుడిగాక అండాశయం ముడుచుకుపోయి రెండు సెంటీమీటర్లకు దిగుతుంది. చుట్టూ ఖాళీ ఉంటుంది కాబట్టి అక్కడ గడ్డ పెరిగినా ఎవరినీ నొక్కదు, చప్పుడు చేయదు. అసలు ఈ రకం క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది చాలాసార్లు అండాశయంలో కాక, దాని పక్కనే ఉన్న ఫెలోపియన్ నాళం కొసన మొదలవుతుందని గత పాతికేళ్ల పరిశోధన తేల్చింది. ఆ కొస నేరుగా కడుపు ఖాళీలోకి తెరుచుకుని ఉంటుంది. చెడిన కణాలు రాలితే అడ్డుగోడ లేదు. రక్తంలోకి దూరాల్సిన పనీ లేదు.

కడుపులో అవయవాలన్నిటినీ కప్పుతూ పెరిటోనియం అనే పల్చటి పొర ఉంటుంది. పేగులు ఒకదానిమీద ఒకటి జారడానికి ఆ పొర కొంచెం తడిని ఊరుస్తుంది. ఆ తడి నిలవ ఉండదు. ఊపిరి తీసినప్పుడల్లా పైకి లాగబడి, ఛాతీకీ కడుపుకీ మధ్యనున్న డయాఫ్రం అడుగున ఉండే సన్నటి లింఫ్ నాళాల ద్వారా మళ్లీ రక్తంలో కలిసిపోతుంది. రాలిన క్యాన్సర్ కణాలు ఆ ప్రవాహంలోనే కొట్టుకుపోయి డయాఫ్రం కిందా, పేగుల ముందు వేలాడే ఒమెంటం అనే కొవ్వు పొర మీదా అతుక్కుంటాయి. అక్కడ రెండు పనులు జరుగుతాయి. నీరు బయటికి పోయే నాళాలు మూసుకుంటాయి. కణితులు విడుదల చేసే రసాయనాల వల్ల రక్తనాళాలు కారడం మొదలెడతాయి. ఊరేది పెరిగింది, పోయేది తగ్గింది. లీటర్లకొద్దీ నీరు నిలుస్తుంది.

ఇక్కడినుంచి లక్షణాలన్నీ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. జీర్ణాశయానికి సాగే చోటు ఉండదు, నాలుగు ముద్దలకే నిండిపోతుంది. మూత్రాశయం నలిగి మాటిమాటికీ బాత్రూముకు పరుగు. మలబద్ధకం. పడుకుంటే నీరు డయాఫ్రంను పైకి నెట్టి ఆయాసం. తిండి తగ్గి, జబ్బు కండను కరిగించి చేతులు సన్నబడతాయి. జాకెట్టు వదులవడం, బొందు బిగుసుకోవడం ఒకే కారణానికి రెండు ఫలితాలు.

డి.ఎన్.ఏ. నిర్మాణం తేలడానికి కీలకమైన ఎక్స్‌రే ఫొటో ఏ పరిశోధననుంచి వచ్చిందో, దాన్ని నడిపిన రోజాలిండ్ ఫ్రాంక్లిన్‌కు జబ్బు జాడ తెలిసింది స్కర్టు నడుము దగ్గరే. 1956లో అమెరికా పర్యటనలో ఉండగా జిప్పు పడలేదు. ఆ సెప్టెంబరులో లండన్‌లో ఆపరేషన్ చేస్తే లోపల రెండు కణితులు కనిపించాయి. 1958 ఏప్రిల్ 16న, 37 ఏళ్లకే పోయింది. స్కర్టు కొలత ప్రకారం కుట్టింది కాబట్టి ఆ మాత్రమైనా చెప్పింది. మన చీర అలా కాదు. బొందు రెండంగుళాలు వదులు చేసి, కుచ్చెళ్లలో ఒకటి తగ్గిస్తే సరి, నెలల తరబడి ఎవరి కంటా పడదు. నడుము కొలతను టేపుతో కొలిచి రాసిపెట్టమని డాక్టర్లు చెప్పేది ఊరికే కాదు.

‘సంచి తీసేశారు కదా!’

తెలుగువాళ్లకు ఇది ప్రత్యేకంగా చెప్పాలి. గర్భసంచి ఆపరేషన్లలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దేశంలోనే ముందు వరసలో ఉన్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు మళ్లీ మళ్లీ చూపించాయి. ముప్పయిల్లోనే సంచి తీయించుకున్నవాళ్లు మన ఇళ్లలో ఎందరో. దాంతో ఒక ధీమా: ఇంక ఆడజబ్బులు రావు అని. ఆపరేషన్‌లో చాలాసార్లు గర్భాశయం మాత్రమే తీసి అండాశయాలను ఉంచేస్తారు. కొందరికి అవీ తీస్తారు. ఏది తీశారో ఆవిడకు తెలియదు, కాగితం ఏ పెట్టెలో ఉందో ఇంట్లోవాళ్లకు తెలియదు. అండాశయాలు ఉంటే ముప్పు ఉన్నట్టే. తీసేసినా పెరిటోనియం పొరలోనే ఇదే తరహా క్యాన్సర్ అరుదుగా రావచ్చు. ఆ పాత డిశ్చార్జి కాగితం వెతికి తీయడం ఒక్కోసారి కొత్త స్కానుకన్నా ఎక్కువ ఉపయోగపడుతుంది.

రాయి దొరికింది, వెతుకులాట ఆగింది

పెద్ద వయసులో స్కాన్ తీస్తే ఏదో ఒకటి కనిపించి తీరుతుంది. కాలేయంలో కొవ్వు, కిడ్నీలో నీటితిత్తి, పిత్తాశయంలో రాయి. ‘అదిగో దొరికింది’ అని అందరూ ఊపిరి పీల్చుకుంటారు. పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లలో ఎక్కువమందికి జీవితాంతం ఏ బాధా ఉండదు. రాయి నొప్పి వస్తే దాని తీరు వేరు: నూనె వంటకం తిన్నాక కుడివైపు పక్కటెముకల కింద పట్టి, గంటల తరబడి ఉండి వదులుతుంది. రోజూ ఉండే ఉబ్బరానికి, చిక్కిపోవడానికి ఆ రాయి జవాబు కాదు. రాయి తీయించుకున్నాక కూడా ఉబ్బరం అలాగే ఉంటే మొదటి ప్రశ్నకే తిరిగి రావాలి.

మామూలు కారణాలు బోలెడున్నాయి, అవి ముందు చూడాల్సిందే. షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ కడుపు ఉబ్బరం, విరేచనాలు తెస్తుంది. ఐరన్ మాత్రలు మలబద్ధకం తెస్తాయి. మోకాళ్ల నొప్పులకు దుకాణంలో అడిగి కొనుక్కునే మాత్రలు జీర్ణాశయానికి పుండు పెడతాయి. థైరాయిడ్ తగ్గినా పేగు మందగిస్తుంది. తిన్న అరగంటకల్లా నొప్పి వచ్చి, ఆ భయంతోనే తిండి మానేస్తున్నారంటే పేగుకు రక్తం తీసుకెళ్లే ధమనులు సన్నబడ్డాయేమో చూడాలి. రక్తహీనత కొత్తగా బయటపడితే పెద్దపేగును చూడకుండా ఐరన్ రాసి పంపడం పొరపాటు. అప్పటిదాకా లేని ‘పేగు చికాకు జబ్బు’, అదే ఐ.బి.ఎస్., యాభై దాటాక మొదటిసారి రావడం అరుదు. బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు 2011లోనే ఈ మాట చెప్పి, అలాంటి పేరు పెట్టే ముందు అండాశయ క్యాన్సర్ కోసం పరీక్ష చేయమన్నాయి.

గ్యాస్ మాత్ర గురించి ఒక్క మాట. ఆమ్లాన్ని తగ్గించే మందు పుండు నొప్పినే కాదు, జీర్ణాశయ క్యాన్సర్ తొలి బాధను కూడా కొన్నాళ్లు అణచగలదు. మాత్ర వేస్తే తగ్గింది కాబట్టి గ్యాసే అనే వాదన నిలవదు.

క్షయ వేసే వేషం

పొట్టలో నీరు, చిక్కిపోవడం, సి.ఏ.125 అనే రక్తపరీక్షలో పెద్ద అంకె. పాశ్చాత్య పాఠ్యపుస్తకం ప్రకారం ఇది క్యాన్సర్. మన దేశంలో ఆగి ఆలోచించాలి. ప్రపంచంలోని క్షయ రోగుల్లో దాదాపు నాలుగో వంతు భారత్‌లోనే ఉన్నారు, క్షయ ఊపిరితిత్తులకే పరిమితం కాదు. పెరిటోనియం పొర మీద చిన్న చిన్న బుడిపెలుగా అది పరుచుకుంటే లక్షణాలన్నీ పైన చెప్పినవే. స్కానులోనూ దాదాపు అదే బొమ్మ. సి.ఏ.125 అంటే క్యాన్సర్ ఒక్కటే తయారుచేసే పదార్థం కాదు. పెరిటోనియం ఏ కారణంగా రేగినా అది రక్తంలోకి వస్తుంది, క్షయలో వందల్లోకి కూడా వెళ్తుంది.

ఈ రెండింటినీ వేరుచేయడం ఎంత ముఖ్యమో చెప్పక్కర్లేదు. ఒకదానికి ఆరు నెలల మాత్రలు, రెండోదానికి పెద్ద ఆపరేషన్, కీమోథెరపీ. అందుకే మెట్లు ఉన్నాయి. మొదట సూదితో కొంచెం నీరు తీస్తారు. ఆ నీటిలో అల్బుమిన్ ఎంతుందో రక్తంలోని దానితో పోల్చితే, నీరు కాలేయమో గుండెనో చెడి వచ్చిందా, పొర జబ్బుపడి వచ్చిందా తేలుతుంది. పొరదే అయితే ఏ.డి.ఏ. అనే ఎంజైము పరీక్ష. అది బాగా ఎక్కువగా ఉంటే అనుమానం క్షయ వైపు మొగ్గుతుంది. నీటిలో క్యాన్సర్ కణాలున్నాయా అని మైక్రోస్కోపు కింద చూస్తారు, కానీ ‘కణాలు లేవు’ అన్న రిపోర్టుతో క్యాన్సర్ లేదని తేల్చలేం. చివరి తీర్పు ముక్క పరీక్షది. బొడ్డు దగ్గర చిన్న గాటు పెట్టి కెమెరాతో లోపల చూసి, లేదా స్కాన్ చూస్తూ సూదితో, పొర ముక్క తీసి పరీక్షించాలి. ముక్క తేలకముందే ‘చూద్దాం’ అని క్షయ మందులు మొదలెట్టి రెండు నెలలు గడపడం, లేదా అంకె చూసి భయపడి కడుపు కోయడం, రెండూ జరుగుతున్నవే, రెండూ తప్పే.

ఒక్క రక్తపరీక్షతో తేలదా?

తేలదు. సి.ఏ.125 హద్దు 35 అని రిపోర్టులో ఉంటుంది. ముదిరిన అండాశయ క్యాన్సర్లలో నూటికి ఎనభైమందిలో అది పెరుగుతుంది, తొలిదశలో సగంమందిలోనే. అంటే తొలిదశలో ఉన్న ఇద్దరిలో ఒకరికి ‘నార్మల్’ అని వస్తుంది. ఇటు క్షయ, కాలేయ జబ్బు, ఫైబ్రాయిడ్లు ఏ క్యాన్సరూ లేకుండానే దాన్ని పెంచుతాయి. అందుకే దాన్ని ఒంటరిగా చదవరు. అల్ట్రాసౌండ్‌లో గడ్డ తీరు, ముట్లుడిగాయా లేదా అన్నది, ఈ అంకె, మూడూ కలిపి చూస్తారు. కింది నుంచి చేసే స్కానులో అండాశయం ఇంకా బాగా కనిపిస్తుంది. సిగ్గుపడి వద్దనేవాళ్లే ఎక్కువ.

ఏ బాధా లేనివాళ్లకు ఏడాదికోసారి ఈ పరీక్ష చేయిస్తే? బ్రిటన్‌లో 2 లక్షలకు పైగా ముట్లుడిగిన ఆడవాళ్లతో సరిగ్గా ఇదే చేసి చూశారు. 2021లో వచ్చిన తుది లెక్కల్లో చావులు తగ్గలేదు. ‘ఫుల్ బాడీ చెకప్’ ప్యాకేజీలో ఈ పరీక్ష కనిపిస్తే డబ్బు దండగే కాదు, ఉత్తి భయాన్ని కొనుక్కోవడం కూడా. బాధ ఉన్నవాళ్ల సంగతి వేరు. తల్లికో, అక్కచెల్లెళ్లకో రొమ్ము క్యాన్సర్, అండాశయ క్యాన్సర్ వచ్చిన ఇళ్ల సంగతి ఇంకా వేరు. బి.ఆర్.సి.ఏ. జన్యువుల్లో లోపం ఉండే అవకాశమున్న ఆ ఇళ్లవాళ్లు డాక్టరుతో ముందే మాట్లాడాలి.

కొడుకు ముందు చెప్పని మాట

సాక్చి ఇల్లాలు డాక్టరు ముందు కూర్చుంటుంది. ఆయన హిందీలో అడుగుతాడు. పక్కనున్న కొడుకు జవాబిస్తాడు: ‘గ్యాస్ సార్, రెండు నెలలనుంచి.’ రెండు నెలలు కాదు, ఆరు. ఆవిడకు హిందీ రాక కాదు, బజారులో బేరమాడేంత వచ్చు. కొడుకు ముందు చెప్పలేని మాట ఒకటుంది. ముట్లాగిన పదేళ్లకు మొన్న రెండుసార్లు బట్ట మీద మరక కనిపించింది. ఆ ఒక్క మాట చెబితే పరీక్షల దారే మారిపోయేది. ముట్లుడిగాక కనిపించే రక్తం, చుక్కయినా, గర్భాశయ పరీక్ష లేకుండా వదలకూడదు. అలా వచ్చినవాళ్లలో సుమారు పదిమందికి ఒకరిలో గర్భాశయ లోపలి పొర క్యాన్సర్ బయటపడుతుంది. సమయానికి దొరికితే ఎక్కువగా నయమయ్యేదే. లోపలికి కోడలో కూతురో వెళ్లి, కొడుకు బయట కూర్చుంటే పని జరుగుతుంది.

*డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఈ కాగితం*

క్యాలెండరు మీద గీతలు చాలు. ఉబ్బరం ఉన్న రోజుకు ఒక గీత, తిండి సగంలో ఆపిన రోజుకు ఇంకో గీత. ఆదివారం ఆదివారం బొడ్డు మీదుగా టేపు కొలత, బరువు. మొదలైన నెల. వాడుతున్న మందులన్నీ, ఆయుర్వేదం పొడులతో సహా. పాత ఆపరేషన్ కాగితం. కుటుంబంలో ఎవరికి ఏ క్యాన్సర్ వచ్చిందో. ఇక టాటానగర్‌లో రైలెక్కి కాట్పాడిలో దిగి వేలూరు వెళ్లే పాత అలవాటు తూర్పు భారతంలో చాలామందికుంది. అలా వెళ్లినా, విశాఖ వెళ్లినా, స్కాను ఫిల్ములతో పాటు ముక్క పరీక్ష చేసిన ల్యాబునుంచి స్లైడ్లు, మైనపు దిమ్మెలు అడిగి తీసుకెళ్లండి. లేకపోతే అదే ముక్క కోసం మళ్లీ సూది వేస్తారు.

*రాత్రికి రాత్రే ఆసుపత్రికి వెళ్లాల్సినవి*

కడుపు పైభాగంలో నొప్పితో పాటు చెమట, ఆయాసం ఉంటే, ముఖ్యంగా షుగర్ ఉన్నావిడకైతే, ముందు ఇ.సి.జి. తీయించాలి, గుండెపోటు ఆడవాళ్లలో ఇలాగే మోసం చేస్తుంది. నల్లటి, తారులాంటి విరేచనం. రక్తపు వాంతి. పొట్ట చెక్కలా బిగుసుకుపోవడం. గాలి కూడా పోకుండా వాంతులు కావడం. పచ్చకామెర్లతో జ్వరం, వణుకు. వీటికి వాము నీళ్లు వద్దు, తెల్లారేదాకా ఆగడమూ వద్దు.

మిగతావాటికి హడావుడి అక్కర్లేదు, గడువు మాత్రం కావాలి. యాభై దాటిన ఆడమనిషికి కొత్తగా మొదలైన ఉబ్బరం మూడు వారాల పాటు దాదాపు రోజూ ఉంటే డాక్టరుకు చూపించండి. మాత్రతో పంపిస్తే, ఎన్నాళ్లకు తగ్గకపోతే మళ్లీ రావాలో అక్కడే అడగండి. ఆ గడువు దాటితే మాత్ర మార్చమని కాదు, పొత్తికడుపు అల్ట్రాసౌండ్, సి.ఏ.125 రాయమని అడగండి. సిగ్గుపడి మీ అమ్మ అడగకపోతే మీరు అడగండి.